ఆత్మరక్షణ కోసం చంపానంటే కేసు పోతుందా, పోయినవాళ్ల ఇంటికి డబ్బెవరిస్తారు

మనవైపు ఊళ్లలో ప్రాణం తీసే గొడవలు చాలావరకు ముందు నుంచీ ప్లాన్ వేసుకుని చేసేవి కావు. పొలం గట్టు ఒక అడుగు జరిపేశారని, మదుం (కాలువ తూము) దగ్గర నీళ్లు మళ్లించేశారని, ఉద్దానం వైపైతే జీడితోట హద్దురాయి పీకేశారని మొదలవుతాయి, మాటామాటా పెరుగుతుంది, చేతిలో ఏదుంటే అది లేస్తుంది, పారో కర్రో కత్తో. ఒకడు పోతాడు, ఇంకొకడు జైలుకి పోతాడు, రెండిళ్లూ నాశనం. తర్వాత శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో సెషన్స్ కోర్టులో కేసు నడుస్తున్నప్పుడు ముద్దాయి వైపు నుంచి వచ్చే మాట, వాడే ముందు మీదకొచ్చాడు, నేను ఆపకపోతే నా ప్రాణం పోయేది అని.

ఈ మాట నిలబడుతుందా లేదా అన్నదాని మీదే ఊరంతా చర్చ. పోయినవాడి భార్య పిల్లలు ఎలా బతుకుతారు, వాళ్లకి చట్టప్రకారం డబ్బు వచ్చే దారి ఏంటి, ఆత్మరక్షణ నిజమే అని కోర్టు నమ్మితే ఆ దారి మూసుకుపోతుందా అన్నది మాత్రం కేసు అయిపోయేదాకా ఎవరూ అడగరు. ఈ రెండు ప్రశ్నలూ నిజానికి ఒకే సాక్ష్యం మీద నడుస్తాయి, అందుకే కలిపి చూడాలి.

ముందు ఆత్మరక్షణ సంగతి. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, పాత చట్టంలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు ఇప్పుడు 34 నుంచి 44 దాకా ఉన్నాయి. నంబర్లు మారాయి గానీ లోపలున్న సరుకు దాదాపు అదే. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి ఇంకా ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి కోర్టుల్లో రెండు నంబర్లూ వినిపిస్తుంటాయి. తన ఒంటిని, పక్కవాళ్ల ఒంటిని, తన ఆస్తిని, ఇంకొకరి ఆస్తిని కాపాడుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది, అంతవరకు అందరికీ తెలుసు. తెలియంది ఏంటంటే ఆ హక్కు ఎదుటివాడి ప్రాణం తీసేదాకా వెళ్లేది కొన్ని పరిస్థితుల్లోనే. చచ్చిపోతామనో ఘోరమైన గాయం అవుతుందనో సబబైన భయం ఉండాలి, లేకపోతే అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి లాంటివి ఉండాలి. ఆస్తి విషయంలో ఇంకా గట్టి, దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత ఇంట్లోకి పగలగొట్టుకుని రావడం, మనుషులుండే ఇంటికో సరుకు దాచే చోటుకో నిప్పు పెట్టడం, ఇలాంటివాటికే ప్రాణం తీసేంత హక్కు. పట్టపగలు ఎవడో పొలంలోకి దిగి దుక్కి దున్నేస్తున్నాడు అంటే ఆపొచ్చు, బయటికి నెట్టొచ్చు, అంతకుమించి చంపే హక్కు లేదు. మన ఊళ్లలో గొడవలు ఎక్కువగా ఇక్కడే కాబట్టి ఇది మనసులో గట్టిగా పెట్టుకోవాల్సిన సంగతి.

ఇంకో చిక్కు కూడా ఉంది. పట్టా ఒకరి పేరున ఉంటుంది, సాగు ఇంకొకరు చేసుకుంటుంటారు, ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టా భూముల్లో, బంజరుల్లో, పోడు చేసుకునే చోట్ల ఇది మామూలే. సుప్రీంకోర్టు 1975లో పూరణ్ సింగ్ కేసులో చెప్పిందేంటంటే, చాలా కాలంగా, అసలు యజమానికి తెలిసేలా, పంట వేసుకుని స్థిరంగా ఉన్నవాడిని పట్టాదారైనా సరే బలవంతంగా వెళ్లగొట్టకూడదు, వెళ్లగొట్టడానికి మనుషులతో వస్తే ఆ సాగుదారుకే ఆత్మరక్షణ హక్కు ఉంటుంది. కాగితం నాది కదా అని పదిమందిని వేసుకుని దిగినవాడు అక్కడ దాడి చేసినవాడి కింద లెక్క. కాబట్టి అడంగల్‌లో (ఊరి సాగు రికార్డులో) అనుభవదారు గడిలో ఎవరి పేరుందన్నది, పంట ఎవరు వేశారన్న వీఆర్వో సాక్ష్యం, ఇవన్నీ హత్య కేసులో కూడా పనికొస్తాయి. చాలామంది లాయర్లు అవి సివిల్ కాగితాలే అని పక్కన పెట్టేస్తారు, పెట్టకూడదు.

ఒక సీను ఊహించుకుని చూస్తే హక్కు ఎక్కడ పుడుతుంది ఎక్కడ చచ్చిపోతుంది అన్నది బాగా అర్థమవుతుంది. చీపురుపల్లి వైపు తోటపల్లి కుడికాలువ కింద ఇద్దరు రైతులు అనుకుందాం. తెల్లారగట్ల ఒకడు మదుం మూసేసి నీళ్లు తన మడికి మళ్లించుకుంటున్నాడు, రెండోవాడు వచ్చి అడిగాడు, బూతులు తిట్టుకున్నారు. ఇక్కడిదాకా ఎవరికీ ఆత్మరక్షణ హక్కు లేదు, తిట్టు తిట్టే. మొదటివాడు కత్తి తీసి రెండోవాడి భుజం మీద వేశాడు, రెండో దెబ్బకి మళ్లీ చెయ్యి ఎత్తాడు, అప్పుడు రెండోవాడు చేతిలో పార తిప్పి కొట్టాడు, ఎదుటివాడి తలకి తగిలింది, పడిపోయాడు. ఇక్కడ రెండోవాడికి హక్కు నిండుగా ఉంది, కత్తి దెబ్బ తగిలాక పారతో ఎంత గట్టిగా కొట్టాలో కొలిచి కొట్టమని ఏ కోర్టూ అడగదు. కానీ పడిపోయినవాడి చేతిలోంచి కత్తి జారిపోయింది, వాడింక లేవలేకపోతున్నాడు, అప్పుడు రెండోవాడు దగ్గరికెళ్లి ఇంకో మూడు దెబ్బలు వేశాడు, ఆ మూడు దెబ్బల్తో హక్కు పోయింది. లేదా మొదటివాడే కత్తి పారేసి గట్టు వెంట పరిగెడుతుంటే వెంటాడి కొట్టాడు అనుకున్నా అంతే. పారిపోతున్నవాళ్ల మీద కాల్పులు జరిపితే అది ఆత్మరక్షణ కాదని 1962లోనే జై దేవ్ కేసులో తేల్చేశారు, అదీ పొలం తగాదాయే.

అందుకే పోస్టుమార్టం రిపోర్టులో గాయాల సంఖ్య, గాయాలు ముందు వైపా వెనక వైపా, తలమీద ఒకటే దెబ్బా నాలుగు దెబ్బలా అన్నది కేసుని తిప్పేస్తుంది. అంతకంటే ముఖ్యమైంది ముద్దాయి ఒంటిమీద గాయాలు. గొడవైన రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి మెడికో లీగల్ కేసు రాయించుకుని వూండ్ సర్టిఫికెట్ (డాక్టరు రాసిచ్చే గాయాల కాగితం) ఉన్నవాడికీ, భయపడి బంధువులింటికి పారిపోయి పది రోజుల తర్వాత లొంగిపోయినవాడికీ మధ్య తేడా చాలా ఉంటుంది, రెండోవాడు నిజమే చెప్తున్నా చూపించడానికి ఏమీ మిగలదు. ముద్దాయికి పెద్ద గాయాలుంటే అవి ఎలా అయ్యాయో ప్రాసిక్యూషన్ (కేసు నడిపే ప్రభుత్వ పక్షం) చెప్పాలి, సాక్షులు ఆ గాయాల ఊసే ఎత్తకుండా కథ చెప్తే వాళ్లు అసలు సంగతి దాస్తున్నారన్న అనుమానం వస్తుందని 1976లో లక్ష్మీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పటికీ డిఫెన్స్ లాయర్లు మొదట పట్టుకునేది ఆ పాయింటే.

రుజువు భారం గురించి కూడా అపోహ ఉంది. ఆత్మరక్షణ అని చెప్పేది ముద్దాయి కాబట్టి చూపించాల్సింది అతనే, కొత్త సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్ అదే చెప్తుంది. కానీ ప్రాసిక్యూషన్ లాగా సందేహానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదు, జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అనిపిస్తే చాలు. అసలు ముద్దాయి నోరు విప్పి ఆత్మరక్షణ అని చెప్పకపోయినా రికార్డులో ఉన్న సాక్ష్యం చూసి కోర్టే ఆ లాభం ఇవ్వొచ్చని 1967లో మున్షీరామ్ కేసులోనే వచ్చింది. ఇది ఎందుకు అవసరమంటే, ఆత్మరక్షణ అని ఒప్పుకోవడం అంటే కొట్టింది నేనే అని ఒప్పుకున్నట్టే, అందుకని చాలామంది లాయర్లు నేను ఆ రోజు ఊళ్లోనే లేను అనే దారి పట్టిస్తారు. గాయాల కాగితాలు చేతిలో ఉండి కూడా ఊళ్లో లేనని వాదించడం అంటే ఉన్న ఒక్క మంచి దారినీ మూసుకోవడమే.

రెండు వైపులా దెబ్బలు తగిలితే కేసు, కౌంటర్ కేసు రెండూ కడతారు. ఆ రెండూ ఒకే జడ్జి దగ్గర ఒకదాని తర్వాత ఒకటి నడవాలి, ఎందుకంటే ఎవరు ముందు దాడి చేశారన్నది రెండు కేసులూ చూస్తేనే తేలుతుంది. పోలీసులు ప్రాణం పోయిన కేసు మీద శ్రద్ధ పెట్టి కౌంటర్ కేసుని నామమాత్రంగా వదిలేస్తే, అందులో నష్టపోయేది ముద్దాయి ఒక్కడే అనుకోవద్దు, నిజంగా దాడి చేసింది ఎవరో తేలక పోయినవాడి ఇంటికీ నష్టమే. ఇక రెండు గుంపులు కర్రలు కత్తులు పట్టుకుని తేల్చుకుందాం రా అని దిగితే దాన్ని ఫ్రీ ఫైట్ అంటారు, అక్కడ సాధారణంగా ఎవరికీ ఆత్మరక్షణ ఇవ్వరు, ఎవడి దెబ్బకి వాడే బాధ్యుడు. ఏజెన్సీ వైపు చిల్లంగి (చేతబడి) పెట్టాడని, మా పిల్లాడిని చంపేస్తాడని భయపడి ఎవరినైనా కొట్టి చంపితే అది కూడా ఆత్మరక్షణ కాదు, ఎంత నిజంగా భయపడినా సరే. అక్కడ మీదకొచ్చే దాడి లేదు, చట్టం అడిగేది అదే, ఇందులో సందేహం లేదు.

హక్కు ఉంది కానీ దాటేశాడు అనే మధ్య మెట్టు ఒకటుంది, మన కేసులు ఎక్కువగా ఆగాల్సింది అక్కడే. మంచి మనసుతోనే, పగతో కాకుండా, కాపాడుకునే ప్రయత్నంలో అవసరానికి మించి కొట్టి చంపితే అది హత్య కాదు, హత్య కాని నరహత్య అవుతుంది, పాత 304, కొత్త 105. యావజ్జీవం బదులు పదేళ్లలోపు శిక్షతో పోవచ్చు, అయితే కొత్త చట్టంలో చంపాలన్న ఉద్దేశం ఉందని తేలితే అయిదేళ్ల కంటే తక్కువ వెయ్యడానికి లేదు, పాతదాంట్లో ఆ కింద హద్దు లేదు. ఆ మెట్టు మీద ఆగిన కేసులో శిక్ష ఉంటుంది, జరిమానా ఉంటుంది, అంటే పోయినవాళ్ల ఇంటికి ముద్దాయి నుంచి డబ్బు ఇప్పించే అధికారం కోర్టుకి ఉంటుంది. పూర్తిగా ఆత్మరక్షణే అని తేలితే నేరమే లేదు, జరిమానా లేదు, ముద్దాయి నుంచి ఆ కోర్టు ఒక్క రూపాయి ఇప్పించలేదు.

అక్కడితో అయిపోయింది అనుకుని వెళ్లిపోయే కుటుంబాలున్నాయి. కాదు. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే పాత సీఆర్పీసీలో 357ఏ అనే సెక్షన్ 2009 డిసెంబర్ 31 నుంచి అమల్లోకి వచ్చింది, ఇప్పుడు దాని బదులు వచ్చిన నాగరిక సురక్షా సంహితలో అది 396. అందులో స్పష్టంగా ఉంది, కేసు కొట్టేసినా, ముద్దాయి నిర్దోషిగా బయటపడినా, బాధితులకి పునరావాసం అవసరమని అనిపిస్తే ట్రయల్ కోర్టు నష్టపరిహారానికి సిఫార్సు చెయ్యొచ్చు. ఆ డబ్బు ముద్దాయిది కాదు, రాష్ట్ర ప్రభుత్వ నిధిది. ఎంత ఇవ్వాలో తేల్చేది జిల్లా న్యాయసేవాధికార సంస్థ, జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది, ఎంక్వైరీ రెండు నెలల్లో పూర్తి చెయ్యాలని చట్టంలోనే ఉంది. చంపింది ఎవరో దొరకకపోయినా, కేసు ట్రయల్‌కి రాకపోయినా నేరుగా అక్కడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. తీర్పు రోజు జడ్జిగారు సిఫార్సు రాయాలంటే ఎవరో ఒకరు అడగాలి, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌తో ముందే చెప్పి ఒక మెమో వేయించుకోవాలి. పిల్లలెంతమంది, ఎవరు చదువుకుంటున్నారు, ఇంట్లో ఇంకెవరు సంపాదిస్తున్నారు అన్నది కాగితం మీద పెట్టాలి. ఆ మెమో లేకపోతే తీర్పులో ఆ పేరా ఉండకుండా పోయే అవకాశమే ఎక్కువ.

శిక్ష పడిన కేసుల్లో కూడా పరిస్థితి గొప్పగా లేదు. జరిమానాలోంచి కుటుంబానికి ఇప్పించొచ్చని సెక్షన్ ఎప్పటినుంచో ఉంది, పాత 357, కొత్త 395. దాన్ని ధారాళంగా వాడండని 1988లోనే హరిసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2013లో అంకుష్ గైక్వాడ్ కేసులో ఇంకా గట్టిగా, ప్రతి క్రిమినల్ కేసులో నష్టపరిహారం గురించి కోర్టు ఆలోచించి తీరాలి, ఇచ్చినా ఇవ్వకపోయినా కారణం రాయాలి అంది. ఆ కేసు మొదలైంది కూడా ఒక కుక్క మొరగడం మీద, పొలం దగ్గర, దారినపోయేవాడు ఇనప పైపుతో కుక్కని కొట్టాడు, యజమాని అడిగాడు, తల మీద దెబ్బ పడింది, పోయాడు. హత్య కాదు, అప్పటికప్పుడు రేగిన గొడవ అని శిక్ష తగ్గించారు. ఇంత స్పష్టమైన తీర్పు ఉన్నా కింది కోర్టుల్లో వెయ్యి, అయిదు వేలు, పది వేలు జరిమానా వేసి అందులోంచి భార్యకి ఇంత అని రాసి ముగించే తీర్పులు వస్తూనే ఉన్నాయి, ఇది చాలా అన్యాయం.

ఎంత అన్యాయమో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. అదే మనిషి నరసన్నపేట దగ్గర హైవే మీద లారీ గుద్ది పోయాడనుకుందాం. వయసు 35, నెలకి 12,000 సంపాదన, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో, సుప్రీంకోర్టు ఇచ్చిన సరళా వర్మ, ప్రణయ్ సేఠీ తీర్పుల ప్రకారం లెక్క ఇలా పోతుంది, సొంత పని చేసుకునేవాడు, 40 లోపు వయసు కాబట్టి భవిష్యత్తు పెరుగుదలకి 40 శాతం కలిపితే 16,800, నలుగురు ఆధారపడ్డారు కాబట్టి అతని సొంత ఖర్చు నాలుగో వంతు తీసేస్తే 12,600, ఏడాదికి 1,51,200, ఆ వయసుకి దాన్ని గుణించాల్సిన అంకె (మల్టిప్లయర్) 16, మొత్తం 24,19,200. దాని మీద అంత్యక్రియలు వగైరా కలుస్తాయి, వడ్డీ కూడా ఉంటుంది. అదే మనిషి మదుం దగ్గర పార దెబ్బకి పోతే ఆ ఇంటికి పది వేలు. పోయిన ప్రాణం అదే, ఆకలయ్యే నోళ్లు అవే. లారీకి ఇన్సూరెన్స్ ఉంది, పారకి లేదు, నిజమే, ముద్దాయి దగ్గర అంత డబ్బు ఉండదు, అదీ నిజమే. కానీ ఇలాంటి లెక్క కోర్టు ముందు పెడితే కనీసం ప్రభుత్వ నిధి నుంచి ఎంత సిఫార్సు చెయ్యాలన్నదానికి ఒక ఆధారం ఉంటుంది, ముద్దాయికి అరెకరమో ఎకరమో ఉంటే దాని సంగతీ తేలుతుంది. హత్య కేసులో పోయినవాడి సంపాదన గురించి ఒక్క సాక్షినీ ఒక్క ప్రశ్న అడగరు, ఆ అలవాటు మారాలి. అసలు రెండు చట్టాలూ ఒకచోట కలిసిన సందర్భం కూడా ఉంది, ఆటో కొట్టేయడానికి ఎక్కినవాళ్లు డ్రైవర్ని చంపేస్తే అది ఇన్సూరెన్స్ దృష్టిలో ప్రమాదమేనని 2000లో రీటా దేవి కేసులో సుప్రీంకోర్టు ఆ కుటుంబానికి పరిహారం ఇప్పించింది.

శిక్ష పడేదాకా ఆగక్కర్లేని దారి ఒకటి ఎస్సీ ఎస్టీ కేసుల్లో ఉంది. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో మడ్డువలస ప్రాజెక్టు భూముల గొడవలో అయిదుగురు దళితులని చంపేశారు, అప్పుడు వంగర మండలం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది. ఇలాంటి కేసుల్లో అట్రాసిటీ రూల్స్ ప్రకారం, 2016 సవరణ తర్వాత, హత్యకి 8,25,000 రూపాయలు, సగం పోస్టుమార్టం అయ్యాక, సగం చార్జిషీటు కోర్టుకి వెళ్లాక ఇవ్వాలి, భార్యకి పెన్షన్ వేరే. ముద్దాయి ఆత్మరక్షణ అంటాడా ఇంకేమంటాడా అన్నదానితో ఈ డబ్బుకి పని లేదు. ఆ ఆలోచనే సరైంది, ఇల్లు గడవాల్సింది ఈ నెల, తీర్పు వచ్చేది ఎప్పుడో.

పోలీసులు ఆత్మరక్షణ అని చెప్పే కేసుల గురించి శ్రీకాకుళంలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 1969, 70లో నక్సలైట్ ఉద్యమం నాటి ఎదురుకాల్పుల మాట విని పెరిగిన జిల్లా ఇది. 2014లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎన్‌కౌంటర్‌లో మనిషి పోతే ఎఫ్ఐఆర్ ఉండాలి, సీఐడీనో వేరే స్టేషన్ టీమో స్వతంత్రంగా దర్యాప్తు చెయ్యాలి, మెజిస్టీరియల్ విచారణ జరగాలి, ఆధారపడ్డవాళ్లకి నష్టపరిహారం 357ఏ స్కీము ప్రకారమే చూడాలి. యూనిఫాం ఉన్నవాడికైనా లేనివాడికైనా ఆత్మరక్షణ అన్నది పరీక్షకి నిలబడాల్సిన మాటే.

ఇదంతా ఒక పక్క, ఊళ్లో జరిగేది ఇంకో పక్క. పెద్దమనుషులు కూర్చుంటారు, ఇంత డబ్బు, ఇంత పొలం అని మాట అవుతుంది, సాక్షులు కోర్టులో నాకేటీ తెలీదు అంటారు, కేసు పోతుంది. హత్య రాజీ పడే నేరం కాదు, 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో కూడా హత్య లాంటివి రాజీ మీద కొట్టేయకూడదని చెప్పారు. అయినా జరుగుతుంది, ఎందుకంటే ఆ తల్లికో భార్యకో చేతికొచ్చే డబ్బు అక్కడే కనిపిస్తుంది. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు. ఆ డబ్బు పెద్దమనుషుల చేతుల్లోంచి వచ్చేసరికి ఎంత మిగులుతుందో, విధవరాలికి వస్తుందో బావమరుదులకి పోతుందో రాతపూర్వకంగా ఏమీ ఉండదు. కోర్టు ఇచ్చేది ఆమె పేరున బ్యాంకులో పడుతుంది, తేడా అక్కడుంది.

ఇక నిర్దోషి అని తీర్పొచ్చినా, హత్య కాదని చిన్న సెక్షన్ కిందకి మార్చినా, నష్టపరిహారం మరీ తక్కువ ఇచ్చినా అప్పీలు చేసుకునే హక్కు 2009 చివరి నుంచి కుటుంబానికే సొంతంగా ఉంది, ప్రభుత్వం అప్పీలు వేస్తుందా లేదా అని ఎదురుచూడక్కర్లేదు, ప్రత్యేక అనుమతి కూడా అవసరం లేదని 2018లో మల్లికార్జున కొడగలి కేసులో తేలింది. సివిల్ దావా వేరే. 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం నష్టపరిహారం అడగొచ్చు, క్రిమినల్ కోర్టు వదిలేసినంత మాత్రాన సివిల్ కోర్టు కట్టుబడి ఉండక్కర్లేదు, తన ముందుకొచ్చిన సాక్ష్యం తనే చూసుకుంటుంది, ముఖ్యంగా అనుమానం లాభం మీద వదిలేసిన కేసుల్లో ఇది పనికొస్తుంది, క్రిమినల్ కేసులో వచ్చిన డబ్బు ఏదైనా ఉంటే అందులోంచి మినహాయిస్తారు. గడువు మాత్రం మనిషి పోయిన రోజు నుంచి రెండేళ్లే. సెషన్స్ తీర్పు వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ రెండేళ్లు ట్రయల్ మధ్యలోనే అయిపోతాయి, కాబట్టి దావా వేసేదైతే క్రిమినల్ కేసు నడుస్తుండగానే వెయ్యాలి. కోర్టు ఫీజు కట్టుకోలేనివాళ్లు ఫీజు లేకుండా దావా వేసుకోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 33 ఉంది, ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.